బండి హీటెక్కుతోందా? నీళ్లు పొయ్యడం తర్వాత, ముందు ఎక్కడికి పోతున్నాయో చూడండి

జైపూర్‌లో (రాజస్థాన్‌ది కాదు, ఒడిశాలో మన కోరాపుట్ జిల్లాది) నాది బండ్ల స్పేర్ పార్ట్స్ షాపు. మార్చి నెల వచ్చిందంటే రోజుకి ఒక్కరైనా కౌంటరు మీద మోచేతులు ఆనించి అడిగే మాట ఒకటే: "అన్నా, ఘాటీలో బండి హీటెక్కిపోతోంది, ఏ కూలెంట్ పొయ్యమంటావు?" సాలూరు నుంచి పైకెక్కి వచ్చినవాళ్లు, రాయగడలో మజ్జిగౌరమ్మని చూసుకుని ఇటు తిరిగినవాళ్లు, దమన్‌జోడిలో ఉద్యోగం చేస్తూ పండక్కి విజయనగరం బయల్దేరేవాళ్లు, అందరిదీ అదే ప్రశ్న. ఏం పొయ్యాలని అడుగుతారు, పోసింది ఎటు పోతోందని మాత్రం ఎవరూ అడగరు. దారిలో ఆపితే షెడ్డు కుర్రాడు కూడా "పాణి ఢాళ" అంటాడు, అంటే నీళ్లు పొయ్యమని. పోస్తారు, పది కిలోమీటర్లు పోతారు, మళ్లీ పోస్తారు. అలా పోసుకుంటూ పోసుకుంటూ చివరికి హెడ్డు (ఇంజిన్ పై భాగం, సిలిండర్ హెడ్) లేపించుకున్నవాళ్లని చాలామందిని చూశాను.

అందుకే అడిగిన ప్రతివాళ్లకీ చెప్పేది ఒక్కచోట రాసి పెడుతున్నాను. నీళ్లతో చల్లబడే ఇంజిన్లకే ఇది, అంటే కారు, జీపు, పికప్, వ్యాను. గాలితో చల్లబడే మామూలు బైకులకి పనికిరాదు.

తెలుసుకోవాల్సింది కొంచెమే. కూలింగ్ సిస్టమ్ మూత బిగించిన కుక్కర్ లాంటిది. బాగున్న బండిలో నెలల తరబడి నీళ్లు తగ్గవు. వారానికి లీటరు పోస్తున్నారంటే ఎక్కడో కారుతోంది, లేదా ఇంజిన్ తాగేస్తోంది. నీళ్లు నిండుగా ఉండి కూడా వేడెక్కుతోందంటే ఆ నీళ్లు తిరగట్లేదు, లేదా రేడియేటర్‌కి గాలి తగలట్లేదు. వెతకాల్సింది ఇవే.

మన దగ్గర ఇంకో సంగతుంది. కోరాపుట్ సముద్రమట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తులో ఉంది. ఈ ఎత్తులో గిన్నెలో నీళ్లు 97 డిగ్రీలకే మరిగిపోతాయి. రేడియేటర్ మూత బాగుంటే లోపల ప్రెషర్ నిలబడి, కూలెంట్ (నీళ్లలో మందు కలిపిన ద్రవం) 120 డిగ్రీల దాకా మరగకుండా ఆగుతుంది. మూత లూజైతే ఆ రక్షణ పోయినట్టే. విశాఖలో ఏడాదంతా ఏమీ అనని బండి సుంకి ఘాటీలో పొగలు కక్కడానికి చాలాసార్లు కారణం ఈ చిన్న మూతే.

దారిలో టెంపరేచర్ ముల్లు పైకెక్కితే

1. ముందు ఏసీ ఆపెయ్యండి. క్యాబిన్ హీటర్ ఉంటే ఫుల్లుగా పెట్టి అద్దాలు దించండి. ఎండాకాలంలో హీటరేమిటి, మతి పోయిందా అనుకుంటారు. అది కూడా ఒక చిన్న రేడియేటరే, ఇంజిన్ వేడిని కొంత లాగి క్యాబిన్లోకి తోస్తుంది. మీకు చెమటలు పడితే పట్టనివ్వండి, ఇంజిన్ దక్కుతుంది.

2. మలుపులో కాకుండా, వెనక వచ్చేవాడికి దూరం నుంచి కనబడే చోట పక్కకి తీసి ఆపండి. హ్యాండ్ బ్రేకు వేసి చక్రం కింద రాయి పెట్టండి. వెళ్లేటప్పుడు ఆ రాయి తీసి అవతల పారెయ్యండి. ఘాటీలో సగం టైర్లు చీలేది ఎవరో వదిలేసిన రాళ్ల మీదే.

3. ఇంజిన్ ఆపాలా, ఉంచాలా? ముల్లు పైకెక్కింది గానీ ఎర్ర గీత దాటలేదు, ఆవిరి లేదు, కింద నీళ్లు కారట్లేదు, ఫ్యాన్ తిరుగుతోంది అంటే రెండు మూడు నిమిషాలు న్యూట్రల్లో అలాగే ఉంచండి, ముల్లు దిగుతుంది. ఆవిరి వస్తున్నా, ఎర్ర లైటు వెలిగినా, కింద నీళ్లు కారుతున్నా, ఫ్యాన్ తిరగకపోయినా వెంటనే తాళం తిప్పెయ్యండి. "అదిగో ఆ ఢాబా దాకా పోదాం" అనే మాటకి ఖరీదు ఒక హెడ్డు.

ఇక్కడో మోసం ఉంది, గుర్తుపెట్టుకోండి. పైదాకా ఎక్కిన ముల్లు ఒక్కసారిగా పడిపోయి చల్లగా చూపిస్తే సంతోషించకండి. సెన్సార్ దగ్గర నీళ్లే లేకుండా పోయి ఉండొచ్చు. నీళ్లు తగలని సెన్సార్ వేడి సరిగ్గా చూపించదు.

4. బానెట్ అంచుల్లోంచి ఆవిరి వస్తుంటే వెంటనే ఎత్తకండి. ఆవిరి తగ్గాక ఎత్తి వదిలెయ్యండి. అరగంట, కుదిరితే ముప్పావుగంట. టీ తాగండి, ఫొటోలు తీసుకోండి, రేడియేటర్ మూత జోలికి మాత్రం పోకండి.

5. రేడియేటర్‌కి పైన తగిలించిన రబ్బరు గొట్టాన్ని, అంటే పై హోస్‌ని, గుడ్డతో పట్టుకుని నొక్కి చూడండి. గట్టిగా రాయిలా ఉంటే లోపల ఇంకా ప్రెషర్ ఉన్నట్టు. మెత్తబడి, చెయ్యి పెట్టగలిగేంత చల్లారాకే మూత మీద మందపాటి తడి గుడ్డ వేసి, ముఖం పక్కకి తిప్పుకుని, మొదటి మెట్టు దాకా తిప్పి ఆగండి. బుస్సుమనే శబ్దం పూర్తిగా ఆగాక నొక్కి తియ్యండి.

ఈ ఐదో మెట్టు గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే మా ఇంట్లోనే జరిగింది. చాలా ఏళ్ల కిందట మా పాత జీపులో సాలూరు నుంచి వస్తున్నాం, సుంకి ఇంకా రాలేదు, బుస్సుమని మరిగిపోయింది. మా బావగారికి తొందరెక్కువ. నేను వెనక నీళ్ల డబ్బా వెతుకుతుంటే ఆయన భుజం మీది తువ్వాలు వేసి మూత తిప్పేశారు. మూత ఎటు ఎగిరిందో కూడా తెలీదు. ముంజేయి నుంచి మోచేతి దాకా బొబ్బలెక్కి నెలరోజులు చెయ్యి మడవలేకపోయారు, ఇప్పటికీ ఆ మచ్చ చూపించి నన్నే తిడతారు. తర్వాత చూస్తే, అంతకు ముందు వేసవిలో దారిలో ఎవరో మెకానిక్ వేరే బండి మూత తెచ్చి మా దానికి బిగించాడు. పట్టినట్టే ఉంది గానీ ప్రెషర్ ఆపట్లేదు. రెండు మూడు వందల రూపాయల మూత అది.

6. చల్లారాక నీళ్లు పొయ్యాలంటే ఒక్కసారిగా గుమ్మరించకండి. ఇంజిన్ స్టార్ట్ చేసి, ఐడిల్లో ఉంచి, సన్నటి ధారగా పొయ్యండి. కాలిపోతున్న హెడ్డు మీద చన్నీళ్లు పడితే పగులు రావచ్చు, వంకర పోవచ్చు. బయటి నుంచి ఇంజిన్ మీద బకెట్లతో కొట్టడం కూడా ఇలాంటిదే, వద్దు. కూలెంట్ లేకపోతే తాగే నీళ్లు పోసి ఊరు చేరండి, ప్రాణావసరానికి తప్పు లేదు. కానీ ఎంత పట్టిందో లెక్క పెట్టుకోండి: అర లీటరా, మూడు లీటర్లా? రేపు తప్పు వెతికేటప్పుడు పనికొచ్చేది ఆ లెక్కే.

ఎప్పుడు వేడెక్కుతోంది?

షాపుకి వచ్చినవాళ్లని నేను అడిగే మొదటి ప్రశ్న ఇది. సగం జవాబు ఇందులోనే దొరికిపోతుంది.

జైపూర్ మెయిన్ రోడ్డు ట్రాఫిక్‌లో, రైల్వే గేటు దగ్గర నిలబడ్డప్పుడు వేడెక్కి, రోడ్డెక్కి 60లో పోతుంటే దిగిపోతుందా? అయితే అనుమానం ఫ్యాన్ మీద. పరిగెత్తే బండికి ఎదురుగాలి చాలు, నిలబడ్డ బండికి ఫ్యానే దిక్కు.

ఊళ్లో బాగానే ఉండి ఘాటీ ఎక్కేటప్పుడో, లోడుతోనో, హైవేలో స్పీడు మీదో వేడెక్కుతుందా? రేడియేటర్ లోపల పాచి, తుప్పు పట్టి సగం గొట్టాలు మూసుకుపోయి ఉండొచ్చు, పైన మట్టి పేరుకుని ఉండొచ్చు, వాటర్ పంపు బలహీనపడి ఉండొచ్చు, లేదా కింది హోస్ పీల్చుకుపోయి నీళ్లు ఆపేస్తుండొచ్చు.

చల్లటి బండి స్టార్ట్ చేసిన ఐదు పది నిమిషాలకే ఎర్ర గీత ముడుతుందా? నీళ్లు లేవు, లేదా థర్మోస్టాట్ (వేడెక్కితే తెరుచుకుని నీళ్లని రేడియేటర్‌కి వదిలే వాల్వ్) మూసుకుని ఉండిపోయింది, లేదా హెడ్ గ్యాస్కెట్ (హెడ్డు కింద ఉండే సీలు) పోయింది.

ఎప్పుడంటే అప్పుడు, ఒక పద్ధతంటూ లేకుండా ఎక్కుతూ దిగుతూ ఉంటే, ముఖ్యంగా ఈమధ్యే ఎవరైనా నీళ్లు మార్చి ఉంటే, లోపల గాలి ఇరుక్కుంది. ఎయిర్ లాక్.

ఏమేం దగ్గర పెట్టుకోవాలి

టార్చి, స్క్రూడ్రైవర్, శ్రావణం, 10, 12, 13 నంబరు పానాలు, రబ్బరు గ్లవ్స్, వెడల్పాటి టబ్బు, గరాటు, పాత అట్టపెట్టె ఒకటి. హోస్ క్లిప్పులు రెండు ఎక్కువే తెచ్చుకోండి, పాతవి తీస్తుంటేనే తెగుతాయి. బండి పుస్తకంలో రాసిన రకం కూలెంట్, డిస్టిల్డ్ వాటర్. కూలెంట్ చిన్న కారుకి నాలుగైదు లీటర్లు పట్టొచ్చు, జీపు, పికప్‌లకి ఎక్కువే. ఎంతన్నది పుస్తకంలో ఉంటుంది, మీ పక్కింటివాళ్లని అడిగి కొనకండి.

కూలెంట్ రంగు చూసి కూడా కొనకండి. ఆకుపచ్చ ఇంకో ఆకుపచ్చతో కలుస్తుందన్న గ్యారంటీ లేదు. రంగు కంపెనీవాడి ఇష్టం, లోపలి మందు వేరు. రెండు రకాలు కలిస్తే కొన్నిసార్లు జిగురులా గడ్డకట్టి రేడియేటర్‌ని మూసేస్తుంది. ఏది పోశారో తెలీదంటే పాతదంతా తీసి కడిగి కొత్తది నింపండి, నాకు తెలిసిన మంచి దారి అదే.

ఇంటి దగ్గర తప్పు పట్టుకోవడం

ఇదంతా పొద్దున్నే, రాత్రంతా ఆగి చల్లారిన బండి మీద చెయ్యాలి. ఎలక్ట్రిక్ ఫ్యాన్ ఉన్న బండ్లలో కొన్నిటికి తాళం తీసేసినా ఫ్యాన్ తనంతట తనే తిరుగుతుంది. వేళ్లు పెట్టే ముందు బ్యాటరీ మైనస్ వైరు ఊడదీసి పక్కన పెట్టండి.

1. మూత తీసి చూడండి. రేడియేటర్‌లో నీళ్లు మెడ దాకా ఉండాలి. పక్కన ప్లాస్టిక్ బాటిల్లో మిన్‌కి మ్యాక్స్‌కి మధ్య ఉండాలి. బాటిల్ నిండుగా ఉందని మురిసిపోయి రేడియేటర్ చూడనివాళ్లు బోలెడుమంది. బాటిల్ నిండుగా, రేడియేటర్ ఖాళీగా ఉంటే వేడికి బయటికి పోయిన నీళ్లు చల్లారాక తిరిగి రావట్లేదన్నమాట. మూతలోని చిన్న వాల్వ్ పోయింది, లేదా మూతకీ బాటిల్‌కీ మధ్య సన్న ట్యూబు చిట్లింది. కొన్ని కొత్త బండ్లలో రేడియేటర్ మీద మూతే ఉండదు, ప్రెషర్ మూత బాటిల్ మీదే ఉంటుంది. వాటికి బాటిల్ లెవెల్ చూస్తే చాలు.

2. మూతని వెలుతురులో పెట్టి చూడండి. రబ్బరు గట్టిపడిందా, అంచు తెగిందా, స్ప్రింగు నొక్కితే తిరిగొస్తోందా? దాని మీద 0.9 అనో 1.1 అనో ప్రెషర్ అంకె ఉంటుంది. మీ బండికి చెప్పిన అంకే ఉండాలి. ఎక్కువ అంకె మూత పెడితే ఇంకా మంచిదనుకుంటారు కొందరు. పాత హోసులు పగులుతాయి, అంతే. చల్లారిన బండిలో పై హోస్ పీల్చుకుపోయి చపాతీలా అతుక్కుని ఉంటే ముందు ఈ మూతనే మార్చండి.

3. కారేచోటు వెతకండి. రాత్రి బండి కింద అట్టపెట్టె పరిచి పొద్దున్న తీసి చూడండి. మరక ఎక్కడ పడిందో దానికి నేరుగా పైన టార్చి కొట్టండి. హోస్ చివర్లు, రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకు అతుకులు, వాటర్ పంపు కింద ఉండే చిన్న రంధ్రం, ఇవి చూడాలి. తడి ఉండకపోవచ్చు, తెల్లగానో పచ్చగానో ఉప్పు పేరుకున్న చార కనిపించినా అదే చోటు. పంపు రంధ్రంలోంచి కారితే పంపు మార్చడమే, ఆ రంధ్రానికి ఎం-సీల్ పెట్టిన మహానుభావులు కూడా ఉన్నారు, పెట్టకండి. కారేది బేరింగ్ లోపలికి పోయి పంపు పట్టేస్తుంది.

హోసుల్ని వేళ్లతో నొక్కండి. ఉబ్బినా, మరీ మెత్తగా ఉన్నా, పిండితే కరకరమన్నా మార్చండి. నిలబడ్డప్పుడు బాగానే కనిపించే కింది హోస్ రేస్ ఇచ్చినప్పుడు పీల్చుకుపోవచ్చు. ఒకరిని రేస్ ఇవ్వమని దూరంగా నిలబడి చూడండి.

క్యాబిన్లో కాళ్ల దగ్గర చాప తడిగా ఉండి, తియ్యటి వాసన వస్తే హీటర్ కారుతోంది. బయట ఎంత వెతికినా దొరకని లీకు ఇది.

4. బెల్టు. పంపుని బెల్టే తిప్పే ఇంజిన్లలో రెండు పుల్లీల మధ్య బొటనవేలితో గట్టిగా నొక్కితే సెంటీమీటరు దాకా దిగాలి. అంతకన్నా వేలాడితే జారుతున్నట్టు. లోపలి వైపు అద్దంలా మెరుస్తున్నా, అడ్డంగా పగుళ్లున్నా మార్చండి. సొంతంగా బిగుసుకునే టెన్షనర్ ఉన్నవాటికి ఈ కొలత వర్తించదు, పగుళ్లు మాత్రం చూడండి.

5. రేడియేటర్ ముందు వైపు. మనవైపు ఇది పెద్ద సంగతి. ఎర్ర దుమ్ము, వానాకాలంలో బురద, కోతల్లో వరి ఊక, పురుగులు, అన్నీ ఏసీ కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య సందులో చేరి దుప్పటిలా పట్టేస్తాయి. ముందు నుంచి చూస్తే శుభ్రంగానే కనిపిస్తుంది, పై నుంచి టార్చి వేస్తే అసలు రంగు తెలుస్తుంది. ఇంజిన్ వైపు నుంచి బయటికి, మెల్లటి ధారతో కడగండి. వాటర్ సర్వీసింగ్ గన్ను దగ్గర పెట్టి కొడితే ఆ సన్న రేకులన్నీ పడుకుంటాయి, గాలి దారి మూసుకుపోతుంది. దసరాకి కట్టిన అరటి పిలకలు దీపావళి దాకా గ్రిల్లుకి వేలాడేసి, బండి హీటెక్కుతోందని వచ్చిన పికప్ ఒకటి నాకు తెలుసు. డ్రైవర్ ఎదురుగానే కత్తెరతో కోసి పంపించాను, పైసా తీసుకోలేదు. బ్యానర్లు, అదనపు లైట్లు, దట్టమైన జాలీలు కూడా ఇంతే.

6. ఫ్యాన్. ఎలక్ట్రిక్ ఫ్యానైతే (బ్యాటరీ వైరు మళ్లీ తగిలించి) ఇంజిన్ స్టార్ట్ చేసి ఏసీ వెయ్యండి. చాలా బండ్లలో కాసేపట్లోనే ఫ్యాన్ తిరగాలి. తిరక్కపోతే ఫ్యూజు, రిలే, ప్లగ్గు, ఆ తర్వాతే మోటారు. రిలేని పక్కనున్న అలాంటిదే ఇంకో రిలేతో మార్చి చూస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. ఏసీ వేస్తే తిరిగి, వేడెక్కితే తిరగట్లేదంటే ఫ్యాన్ మంచిదే, టెంపరేచర్ సెన్సార్‌ని అనుమానించండి. జీపు, పికప్‌లలో ఇంజిన్‌కే బిగించిన ఫ్యాన్ ఉంటే, ఆపేసిన వేడి ఇంజిన్ మీద చేత్తో తిప్పి చూడండి. గట్టిగా అడ్డు తగలాలి. గాలిమరలా గిర్రున తిరిగితే ఫ్యాన్ క్లచ్ పోయింది.

7. థర్మోస్టాట్. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి, ముల్లు సగానికి వచ్చాక ఇంజిన్ ఆపి, రెండు హోసులూ ముట్టి చూడండి. పైది కాలిపోతూ కిందిది చన్నీళ్లలా ఉంటే థర్మోస్టాట్ తెరుచుకోలేదు, లేదా రేడియేటర్ మూసుకుపోయింది. ఏదో తేల్చుకోవాలంటే థర్మోస్టాట్ విప్పి తీసి, దారానికి కట్టి, గిన్నెలో నీళ్లలో అడుగు తగలకుండా వేలాడదీసి పొయ్యి మీద పెట్టండి. దాని మీదే 82 అనో 88 అనో రాసి ఉంటుంది. ఆ వేడి దగ్గర తెరుచుకోవడం మొదలవ్వాలి. నీళ్లు తెర్లుతున్నా నోరు తెరవకపోతే పారెయ్యండి. ఆ గిన్నె మళ్లీ వంటకి వాడకండి, ఇంట్లో చెప్పకుండా తీసుకెళ్తే తర్వాత జరిగేదానికి నా పూచీ లేదు.

"మన ఎండలకి ఈ వాల్వ్ ఎందుకన్నా, తీసేస్తే చల్లగా ఉంటుంది" అని చెప్పే మెకానిక్‌లు ప్రతి ఊళ్లో ఉన్నారు. వినకండి. కొన్ని ఇంజిన్లలో ఇది తీసేస్తే నీళ్లు రేడియేటర్‌లోకి రాకుండా అడ్డదారిలోనే తిరిగి ఇంకా వేడెక్కుతుంది. మిగతావాటిలో ఇంజిన్ ఎప్పటికీ సరైన వేడికి రాదు. డిసెంబరులో సిమిలిగుడ చలికి పొద్దున్నే నడిపి చూడండి, డీజిల్ ఎంత తాగుతుందో మీకే తెలుస్తుంది.

8. హెడ్ గ్యాస్కెట్. అందరూ భయపడేది దీనికే, అందుకే చివర పెట్టాను. చల్లటి బండికి మూత తీసి, నీళ్లు మెడ దాకా నింపి, అప్పుడు స్టార్ట్ చేసి దూరంగా నిలబడి చూడండి. మొదట్లో నాలుగు బుడగలు వచ్చి ఆగితే పర్వాలేదు. సోడాలా ఆగకుండా వస్తూ, రేస్ ఇస్తే ఇంకా ఎక్కువైతే సిలిండర్‌లోని గ్యాసు నీళ్లలోకి వస్తోంది. ఇంజిన్ ఆయిల్ గేజి పుల్ల తీసి చూడండి. పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు ఆయిల్లో కలిశాయి, ఇక స్టార్ట్ చెయ్యకండి, తాడు కట్టించి తీసుకెళ్లండి. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన నిమిషంలోనే పై హోస్ రాయిలా గట్టిపడటం, ఎండ ఎక్కాక కూడా సైలెన్సర్‌లోంచి తియ్యటి వాసనతో తెల్ల పొగ రావడం కూడా గుర్తులే. ఇది ఇంటి దగ్గర చేసుకునే పని కాదు. హెడ్డు విప్పిస్తే లేత్ దగ్గర ఫేసింగ్ (అడుగు చదునుగా ఉందో లేదో) చూపించకుండా కొత్త గ్యాస్కెట్ ఒక్కటే వేసి మూసెయ్యనివ్వకండి. వంకర హెడ్డు మీద కొత్త గ్యాస్కెట్ ఎన్నాళ్లో నిలబడదు.

కడిగి, కూలెంట్ నింపడం

కారే చోట్లన్నీ బాగుచేశాకే ఇది. లీకు ఉంచి కూలెంట్ పొయ్యడం చిల్లు కుండలో నీళ్లే.

1. చల్లటి బండి కింద టబ్బు పెట్టి, రేడియేటర్ కింది డ్రెయిన్ విప్పండి, అది లేకపోతే కింది హోస్ ఊడదియ్యండి. వచ్చిన నీళ్ల రంగు చూడండి. తుప్పు రంగైతే ఇన్నాళ్లూ బోరు నీళ్లు తాగిందని అర్థం.

2. డ్రెయిన్ మూసి మంచినీళ్లు నింపి, హీటర్ వేడి వైపు పెట్టి, థర్మోస్టాట్ తెరుచుకునేదాకా నడిపి ఆపండి. పూర్తిగా చల్లారాక వదలండి. నీళ్లు తేటగా వచ్చేదాకా ఇలా రెండు మూడు సార్లు. ఓపిక లేనివాళ్లు వేడి మీదే డ్రెయిన్ విప్పుతారు, కాళ్ల మీద పోసుకుంటారు. చివరి కడుగు డిస్టిల్డ్ వాటర్‌తో అయితే మంచిది.

ఎన్నిసార్లు కడిగినా బురదే వస్తుంటే రేడియేటర్ విప్పి రేడియేటర్ షాపులో రాడింగ్ (గొట్టాల్లో కడ్డీ పెట్టి శుభ్రం చెయ్యడం) చేయించండి. ఇత్తడి, రాగి పాత రేడియేటర్లకి ఇది బాగా కుదురుతుంది. ఇప్పటి ప్లాస్టిక్ ట్యాంకు, అల్యూమినియం రేడియేటర్‌కి ఆ పని చేయించే డబ్బుతో కొత్తది వేసుకోవడం నయం.

3. డబ్బా మీద చదవండి. నేరుగా పోసేదైతే నీళ్లు కలపకూడదు. చిక్కటిదైతే డబ్బా మీద చెప్పిన పాళ్లలో, మామూలుగా సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్, ముందే బకెట్లో కలిపి పొయ్యండి. చిక్కగా ఉంటే ఎక్కువ చల్లబరుస్తుందనుకుని మొత్తం చిక్కటిదే పోసేవాళ్లున్నారు. అది తప్పు. వేడి లాగడంలో నీళ్లే మెరుగు. కూలెంట్ కలిపేది తుప్పు పట్టకుండా, తొందరగా మరగకుండా ఉండటానికి.

4. గాలి తియ్యడం. సగం పనులు ఇక్కడే పాడవుతాయి. బండి ముక్కు కొంచెం ఎత్తుగా ఉండేలా ఆపండి, ఇంటి ముందు ర్యాంపు చాలు. మెల్లగా నింపుతూ హోసుల్ని పిసుకుతూ ఉండండి, గుటకలు వేసినట్టు దిగుతుంది. గాలి తీసే స్క్రూ ఉంటే వదులు చేసి, బుడగలు లేకుండా ధార వచ్చాక బిగించండి. తర్వాత మూత తీసే ఉంచి, ఐడిల్లో పదిహేను ఇరవై నిమిషాలు నడపండి, లెవెల్ దిగినప్పుడల్లా పోస్తూ ఉండండి. ముఖం మాత్రం దాని మీద పెట్టొద్దు. ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగి, బుడగలు తగ్గి, హీటర్‌లోంచి వేడిగాలి వస్తే గాలి పోయినట్టే. అప్పుడు మూత బిగించండి. ప్రెషర్ మూత బాటిల్ మీద ఉండే బండ్లకి ఈ పద్ధతి వేరుగా ఉండొచ్చు, పుస్తకంలో ఉన్నట్టు చెయ్యండి.

తీసిన పాత కూలెంట్ డ్రైనేజీలోనో, పెరట్లోనో పొయ్యకండి. తియ్యగా ఉంటుంది, కుక్కలు, ఆవులు నాకుతాయి, చిన్నపిల్లలు కూడా. అందులో ఉండే ఎథిలీన్ గ్లైకాల్ విషం, కిడ్నీలు పోతాయి. పాత డబ్బాలో పోసి మూత బిగించి, పాత ఆయిల్ తీసుకునే గ్యారేజీవాళ్లు తీసుకుంటారేమో అడగండి.

లీకు బంద్ చేసే పొడుల గురించి

అమ్మేవాణ్ని నేనే గనక నిజం చెబుతాను. అడవిలో చిక్కుకుంటే ఒక్కసారికి పనికొస్తాయి. ఇల్లు చేరాక అలాగే ఉంచితే లీకుతో పాటు హీటర్ గొట్టాలు, రేడియేటర్ సన్న దారులు కూడా బంద్ అవుతాయి. పసుపు, గుడ్డు తెల్లసొన పోసే చిట్కాలు కూడా వింటుంటాను. దయచేసి వాటిని వంటింట్లోనే ఉంచండి.

బాగైందో లేదో ఎలా తెలుస్తుంది

నింపిన మర్నాడు పొద్దున్న, స్టార్ట్ చెయ్యకముందు లెవెల్ చూడండి. కొంచెం దిగితే సహజం, మిగిలిన గాలి పోయి ఉంటుంది, నింపి బాటిల్ మీద పెన్నుతో గీత పెట్టండి. మూడు రోజులు అదే వేళకి చూడండి. గీత దగ్గరే ఉంటే లీకు లేదు. రోజూ దిగుతుంటే మళ్లీ ఇంటి దగ్గరి పరీక్షల్లో మూడో మెట్టు నుంచి మొదలుపెట్టండి, అట్టపెట్టె తియ్యండి.

తర్వాత బండిని నిలబెట్టి ఏసీ వేసి ఇరవై నిమిషాలు ఐడిల్లో ఉంచండి. ముల్లు సగం దగ్గర నిలబడి, ఫ్యాన్ తిరుగుతూ ఆగుతూ ఉండాలి. ఇది ఫ్యాన్‌కి పరీక్ష. రేడియేటర్‌కీ పంపుకీ పరీక్ష మాత్రం ఎక్కుడు మీదే. జైపూర్ వాళ్లయితే కోరాపుట్ ఘాటీ ఒకసారి ఎక్కి రండి, వేరే వైపు పోయేవాళ్లు మీ దారిలో వచ్చే ఎక్కుళ్లలో చూడండి. కుటుంబాన్ని ఎక్కించుకుని మొదటిసారే సాలూరు దిగకండి, దిగేటప్పుడు ఏమీ తెలీదు, తిరిగి వచ్చేటప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. ఎక్కేటప్పుడు పెద్ద గేరులో గుడగుడమంటూ లాగించకండి, ఒక గేరు దించి ఇంజిన్‌ని హాయిగా తిరగనివ్వండి, పంపు, ఇంజిన్‌కి బిగించిన ఫ్యాన్ కూడా దాంతోపాటే జోరుగా తిరుగుతాయి.

ఇవన్నీ చేశాక కూడా ముల్లు ఎక్కుతుంటే ఇంకో కూలెంట్ డబ్బా కొనడానికి రాకండి. ఏ మెట్టులో ఏం కనిపించిందో, ఎన్ని కిలోమీటర్లకి ఎన్ని లీటర్లు తగ్గిందో చీటీ మీద రాసుకుని మంచి మెకానిక్ దగ్గరికి వెళ్లండి.